అత్తగారికి కట్టిన ఆకుపచ్చ చీర

పొద్దున లేవగానే అహల్య చేసే మొదటి పని అత్తగారి మెడ మీద చెయ్యి పెట్టి చూడడం. పళ్లు తోముకోవడం కన్నా ముందు, పొయ్యి ముట్టించడం కన్నా ముందు, అదే. చెయ్యి తిరగేసి, వేళ్ల వెనక భాగాన్ని పైడమ్మ చెవి కింద ఆనిస్తుంది. పైడమ్మ కళ్లు తెరవకుండానే ఈగను తోలినట్టు ఆ చేతిని తోలేస్తుంది.

"బతికే ఉన్నాను లేవే. ఎల్లి నీళ్లు పట్టు, కుళాయి ఆగిపోతాది."

"చల్లగానే ఉన్నావు. లే అత్తా."

"చల్లగా ఉంటే లెగమంటావు, వెచ్చగా ఉన్నప్పుడూ లెగమన్నావు. నీతో ఎలాగే నేను వేగేది?"

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఇళ్ల గోడలు పల్చన. పక్క గదిలో వాళ్లు ఈ మాటలు విని నవ్వుకుంటారు. వాళ్లకది అత్తాకోడళ్ల ముచ్చట. అహల్యకు మాత్రం ఆ మెడ చల్లగా తగిలితే గాని తెల్లవారినట్టుండదు. తొమ్మిదేళ్ల కిందట రంగూన్ రేవులో ఆ మెడ నిప్పులా కాలుతుంటే, కాలడం లేదని లోకాన్ని నమ్మించిన మనిషి ఆమె.

అహల్య భర్త సన్యాసిరావుది తాతల నాడు విశాఖ వైపు నుంచి బర్మా వెళ్లిన కుటుంబం. రంగూన్‌కు పడవ మీద పూట ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్లో వాళ్లకో పచారీ కొట్టు ఉండేది. పైడమ్మ పుట్టిందీ అక్కడే, ముత్తైదువగా తిరిగిందీ అక్కడే, భర్తను పోగొట్టుకుని తెల్లచీర కట్టిందీ అక్కడే. పందొమ్మిది వందల అరవైనాలుగులో ఒక ఉదయం సిపాయిలు వచ్చి తలుపుకు కాగితం అంటించి, ఈ కొట్టు ఇక సర్కారుదన్నారు. కొన్నాళ్లకు పెద్ద నోట్లు చెల్లవన్నారు. నిన్నటిదాకా బెల్లంముక్క కోసం గుమ్మంలో నిలబడిన పిల్లలే, "కొరంగీ, మీ ఊరు పో!" అని అరవడం మొదలుపెట్టారు. అక్కడ తెలుగువాళ్లను ఈసడించి పిలిచే పేరది. "మా ఊరేదిరా, ఇదే కదరా!" అని పైడమ్మ వాళ్ల వెంటపడి అడిగేది. ఎవరు చెప్తారు?

కొట్టు లెక్క అప్పగించేదాకా సన్యాసిరావును కదలనివ్వం అన్నారు. ఆడవాళ్లకు మాత్రం అనుమతి వచ్చింది. "ముందు మీరు దాటండి. నేను వెనకాలే వస్తాను. మీరు ఎక్కడుంటే అక్కడికి వస్తాను" అన్నాడతను. అహల్యకు అప్పటికి పెళ్లయి రెండేళ్లు. ఏడవలేదు. అత్తగారిని, ఒక రేకుపెట్టెను, రెండు మూడు మూటలను, చేత్తో తిప్పే కుట్టుమిషనును పడవ ఎక్కించింది.

నది మలుపులో కత్తులు పట్టుకున్న మనుషులు పడవను ఆపారు. బియ్యం మూట, కుట్టుమిషను పోయాయి. పడవవాడు వాళ్లకేసి చూసి తల ఊపడం అహల్య కంటపడింది. దొంగలు పోయాక వాడు పడవను ఒడ్డుకు చేర్చి, ఇక్కణ్నుంచి నడిచి పొమ్మన్నాడు. అహల్య పడవలోంచి దిగలేదు. "నీ వాటా నీకు ముట్టింది కదా. రేవు దాకా తీసుకెళ్తేనే దిగుతాం. లేదంటే ఈ పడవలోనే కాపరం పెడతాం. మా అత్త నోరు ఎలాంటిదో నీకు తెలీదు" అంది బర్మా మాటలో. పైడమ్మ వెంటనే ఆ నోటి రుచి కాస్త చూపించింది. వాడు తెడ్డందుకున్నాడు.

రేవులో రేకుల షెడ్ల కింద జనం, వాన, బురద. ఓడ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అక్కడే పైడమ్మకు చలిజ్వరం తగులుకుంది. రోజు విడిచి రోజు, మధ్యాహ్నం దాటగానే వణుకు మొదలయ్యేది. మందుబిళ్ల దొరకలేదు. ఆపైన ఒక మాట షెడ్డంతా పాకింది: ఓడ నిచ్చెన దగ్గర డాక్టరు నిలబడతాడు, జ్వరం ఉన్నవాళ్లను వరసలోంచి లాగి పక్కన పెడతాడు, వాళ్ల అనుమతి కాగితం చెల్లదు, మళ్లీ మొదటి నుంచి రావాలి. అది వట్టి మాట కాదు. వాళ్ల కళ్లెదుటే ఒక ముసలావిడను లాగేశారు. ఆమె కొడుకు, కోడలు ఎక్కాలో దిగాలో తెలియక నిచ్చెన మధ్యలో నిలబడిపోయారు. వెనక జనం తోసేస్తే ఎక్కారు. ఆమె కింద ఉండిపోయింది.

వాళ్ల వంతు వచ్చిన రోజే జ్వరం వచ్చే రోజు కూడా అయింది.

అహల్య పొద్దున్నుంచీ ఆ డాక్టరునే చూస్తోంది. అతను అందరినీ పట్టి చూడడం లేదు. చూపుతో ఏరుతున్నాడు. ముఖం పాలిపోయి, తెల్లచీరలో ముడుచుకుపోయిన ముసలమ్మల మీదే ముందు అతని కన్ను పడుతోంది. ఆమె షెడ్డులోకి వచ్చి పెట్టె తెరిచి తన పెళ్లినాటి ఆకుపచ్చ చీర తీసింది.

"అత్తా, లే. ఇది కట్టుకో."

పైడమ్మ చీరను చూసింది, కోడలిని చూసింది. "నీకు మతిగాని పోయిందేటే?"

"తెల్లచీరలో నువ్వు అచ్చం రోగిష్టిదానిలా ఉన్నావు."

"ఉంటే ఉన్నాను. నన్నిక్కడ ఒగ్గేసి నువ్వెల్లిపో. నా కొడుకు ఈ దేశంలోనే ఉన్నాడు."

"నీ కొడుకు ఆ ఊళ్లో ఉన్నాడు, నువ్వు ఈ రేకుల కింద ఉన్నావు. మధ్యన నది ఉంది, కత్తులున్నాయి. లే."

"మొగుడు పోయినదాన్ని, బొట్టెట్టుకుంటే మీ మామ పైనుంచి ఏటనుకుంటాడే?"

"మామయ్యకు నేను జవాబు చెప్పుకుంటాను. నీకు ఓడెక్కడం ఒక్కటే పని."

పైడమ్మ తిట్టింది. కోడలిని, కోడలి పుట్టింటిని, బర్మా సర్కారును, ఆఖరికి భర్తను కూడా, తనకన్నా ముందు పోయినందుకు. తిడుతూనే చీర కట్టుకుంది. అహల్య తన గాజులు తీసి ఆమె చేతులకు ఎక్కించింది. బుగ్గలకు బర్మా ఆడవాళ్లు రాసుకునే తనకా చెక్క గంధం దట్టంగా రాసింది. నోట్లో తాంబూలం కుక్కింది. చివరికి నుదుట కుంకుమ పెట్టేటప్పుడు పైడమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

వరస నత్తలా కదిలింది. ముందు సోదాకు నిలబడిన ఆడమనిషి అహల్య మెడలోని పుస్తెలు తెంపి బల్ల మీద వేసుకుంది. బంగారం దేశం దాటకూడదట. ఇలా జరుగుతుందని విని, అహల్య కొంగున పసుపుకొమ్ము కట్టుకునే వచ్చింది. అక్కడే నిలబడి దాన్ని దారానికి కట్టి మెడలో వేసుకుంది. ఆమె దృష్టంతా వెనక ఉన్న అత్తగారి మీదే. వణుకు మొదలైంది. పళ్లు టకటకమంటున్నాయి. అహల్య చటుక్కున పక్కకు జరిగి తమ మూటల్లో బరువైనదాన్ని అత్తగారి చేతుల్లో పెట్టింది.

డాక్టరు పైడమ్మ ముందు ఆగాడు. "ఏం అవ్వా, ఇలా వణుకుతున్నావు?"

పైడమ్మ ఎర్రటి నోటితో అతని మీద విరుచుకుపడింది. "ఈ మూట నువ్వు మొయ్యి నాయనా, అప్పుడు తెలుస్తుంది ఎవరు వణుకుతారో! కోడలు చేతులూపుకుంటూ నడుస్తోంది, ముసలిదాని మీద ఇంత బరువు. మీ ఇంట్లోనూ ఇంతేనా?"

అచ్చమైన బర్మా మాట, అచ్చమైన అత్తగారి మాట. వరసలో ముందున్నవాళ్లు, వెనకున్నవాళ్లు గొల్లుమన్నారు. డాక్టరు కూడా నవ్వి, వెళ్లమని చెయ్యి ఊపాడు. నిచ్చెన చివరి మెట్టు దాటాక పైడమ్మ మూటతో సహా కోడలి మీద ఒరిగిపోయింది.

ఓడలో పై అంతస్తు మీద, ఎండలో వానలో ప్రయాణం. మంచినీళ్లకు కొట్లాటలు. ఒక తల్లి తన పసిపాపను గుడ్డలో చుట్టి నీళ్లకిచ్చింది. పైడమ్మ జ్వరం తగ్గుతూ పెరుగుతూ వచ్చింది. కాస్త తేరుకోగానే సముద్రపు నీళ్లతో నుదురు రుద్దుకుంది. గాజులు మాత్రం రాలేదు, చేతులు వాచిపోయాయి.

"ఓడ కమ్మీకేసి కొట్టెయ్యనా?" అంది.

అహల్య ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఒకసారి కొట్టించారు కదా అత్తా. మళ్లీ ఎందుకు? చేతులు తగ్గాక సబ్బు రాసి తీద్దాం."

పైడమ్మ కోడలి భుజానికి ముఖం ఆనించుకుంది. భర్త పోయిన పదోనాడు గాజులు పగలగొట్టిన చప్పుడు ఆమెకింకా గుర్తే. దాన్ని రెండోసారి వినే శక్తి ఆమెకు లేదు.

మద్రాసులో సామాను దించినప్పుడు వాళ్ల రేకుపెట్టె రాలేదు. తెల్లచీరలు రెండూ అందులోనే ఉన్నాయి. కాందిశీకుల శిబిరంలో ఒక గుమాస్తా ఎక్కడికి టిక్కెట్టు రాయాలని అడిగితే, "హైదరాబాదుకు" అంది అహల్య. విశాఖలో తమను గుర్తుపట్టేవాళ్లు ఎటూ మిగల్లేదు. రాజధానిలో కుట్టుపని దొరుకుతుందని రేవులో ఎవరో అన్నారు.

"హైదరాబాదులో మీకెవరున్నారమ్మా?"

"మేం వెళ్తే మేమిద్దరం ఉంటాం" అంది.

నాంపల్లి స్టేషన్ మెట్ల మీద జామపండ్లు అమ్మే పోశవ్వ వాళ్లను మొదట చూసింది. చేతిలో ఒక మూట, ముఖాన సముద్రపు నలుపు, ఎటు వెళ్లాలో తెలియని చూపు.

"ఏడికెల్లి వచ్చిన్రు బిడ్డా?"

"బర్మా నుంచి."

"గదేడున్నది? జనగాం అవుతలనా?"

"సముద్రం అవతల."

"అబ్బో! గంత దూరంకెల్లి ఒట్టి చేతులతోని వచ్చిన్రా?"

"చేతులున్నాయి కదా. కుట్టుపని వచ్చు. ఒక గది కావాలి, అంతే."

పోశవ్వకు ఆ జవాబు నచ్చింది. గంప ఎత్తుకుని, తాను అంట్లు తోమే వామన్‌రావుగారింటికి వాళ్లను తీసుకెళ్లింది. వామన్‌రావు అబిడ్స్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. మేడ మీద గది ఒకటి కిరాయికి ఖాళీగా ఉంది. ఆయన భార్య వసుమతి పెద్ద నోరు, పెద్ద మనసు ఉన్న మనిషి. బర్మా కథ వింటూ కొంగుతో కళ్లొత్తుకుంది. అహల్య మెడలోని పసుపుకొమ్మును చూసి, "బంగారం పోతే పోనియ్యి. పసుపు ఉన్నది, చాలు" అంది. తర్వాత ఆమె చూపు పైడమ్మ మీదికి మళ్లింది. ఆకుపచ్చ చీర, చేతినిండా గాజులు, బోసి నుదురు.

"అయ్యో పెద్దమ్మా! రైల్ల చెమటకు బొట్టు చెరిగిపోయినట్టుంది, చూసుకోలే?" అని దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి, చనువుగా గడ్డం పట్టుకుని, బొట్టు పెట్టేసింది.

అంతా రెప్పపాటులో అయిపోయింది. పైడమ్మ కొయ్యబారింది. అహల్య ఆమె చెయ్యి పట్టుకుంది. అత్తగారి ఒళ్లు ఇంకా గోరువెచ్చగానే ఉంది, తలమీద కప్పు కావాలి. సన్యాసిరావుకు రాయడానికి ఒక చిరునామా కావాలి. రేపు చెప్పవచ్చులే అనుకుంది.

రేపు చెప్పలేదు. ఎల్లుండీ చెప్పలేదు. అబిడ్స్‌లో ఒక దర్జీ దుకాణంలో జాకెట్లు కుట్టే పని దొరికింది. బర్మా ఆడవాళ్ల రవిక ఒకటి కుట్టి చూపగానే దుకాణం మేస్త్రీ మారుమాట లేకుండా మిషను ముందు కూర్చోబెట్టాడు. సన్యాసిరావుకు ఉత్తరం వెళ్లింది. దవాఖాన మందుతో పైడమ్మ జ్వరం దిగింది. కానీ పైడమ్మ కిందికి దిగడం మానేసింది. పూజ కాగానే వసుమతే మేడెక్కి వచ్చి, "పెద్ద ముత్తైదువ ఇంట్ల ఉండుడు మా అదృష్టం" అంటూ బొట్టు పెట్టి వెళ్లేది. ఆమె అటు వెళ్లగానే పైడమ్మ తుడిచేసేది. ఆ సాకుతో ఈ సాకుతో రోజులు గడిచాయి.

వసుమతి కూతురు శశికళకు పెళ్లి కుదిరింది. ఒక సాయంత్రం వసుమతి పళ్లెంలో పూలు పెట్టుకుని పైకి వచ్చింది.

"పెద్దమ్మా, ఎల్లుండి పసుపు దంచుడు. ఐదుగురు ముత్తైదువలు కావాలె. మొదటి పోటు మీరే వెయ్యాలె. మా అత్తమ్మ లేదు, మా అమ్మ లేదు. మీ చేయి పడితే నా బిడ్డ పచ్చగుంటది."

ఆమె వెళ్లాక గదిలో ఎవరూ దీపం ముట్టించలేదు. దంచుడు జరగనిస్తే ఆ పిల్ల పెళ్లికి చెయ్యరాని పని చేసినట్టు. వాళ్లిద్దరూ నమ్మే లోకంలో అది చిన్న సంగతి కాదు. నిజం చెప్తే గది పోతుంది.

అహల్యే ముందు తేరుకుంది. రేవులో తేరుకున్నట్టే. "ఎల్లుండి నీకు జ్వరమొచ్చిందని చెప్తాను. పడుకో, దుప్పటి కప్పుతాను. ఇంకొకరిని చూసుకుంటారు."

పైడమ్మ కోడలి ముఖంలోకి చూసింది. "ఉన్నప్పుడు లేదన్నావు. ఇప్పుడు లేనప్పుడు ఉందంటావేటే?"

"గది పోతాది అత్తా."

"పోతే పోతాది. అక్కడ ఆ డాక్టరు మనల్ని తరిమేవాళ్ల మనిషి. ఈవిడ మనల్ని రానిచ్చిన మనిషి. ఇద్దరికీ ఒకే మందు వెయ్యకే."

అహల్య లేచి దీపం ముట్టించింది.

పొద్దున్నే పైడమ్మ సబ్బు నురగతో గాజులు ఒక్కొక్కటే జారదీసింది. ఒక్కటీ పగల్లేదు. ముఖం కడుక్కుని, బోసి నుదురుతో, అదే ఆకుపచ్చ చీరలో మెట్లు దిగింది. అహల్య వెనకే నడిచింది. పెరట్లో వసుమతి రోలు కడిగిస్తోంది, పోశవ్వ నీళ్లు పోస్తోంది.

"తల్లీ," అంది పైడమ్మ, "నేను ముత్తైదువను కాను. మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఓడెక్కడానికి ఈ వేషం కట్టాం. నువ్వు బొట్టెట్టిన్నాడే చెప్పాల్సింది."

వసుమతి చేతిలో చీపురు జారిపోయింది. "ఏంది? ఇన్ని దినాలు... నా చేతితోని నేను బొట్టు పెడుతుంటే... ఒక్క మాట చెప్పొద్దా? పెండ్లి ఇల్లు ఇది!"

"తప్పు నాదమ్మగారూ," అంది అహల్య. "చీర కట్టించింది నేను, నోరు మూయించింది కూడా నేనే."

"ఇద్దరిదీ తప్పే! మీకు ఇల్లిచ్చిన, నా నోట్ల మన్ను కొట్టిన్రు."

పోశవ్వ బిందె దించింది. "దొర్సానీ, బొట్టు పెట్టినదానివి నువ్వే, అడగంది నువ్వే. ఇగ ఆమె ఏం జేస్తది? దాచిపెట్టాలంటే గీ రోటి కాడికి వచ్చేదా?"

"నువ్వు ఊకో పోశవ్వా! నీకేం దెలుసు?"

"ఔ, నాకేం దెలుసు. నా మొగుడూ పాయె, నేనూ గీడనే అంట్లు తోముతున్న."

గోల విని వామన్‌రావు కండువా సర్దుకుంటూ బయటికొచ్చాడు. విన్నాడు. భార్యను చూసి, రోలును చూసి, "జర నిమ్మళంగ మాట్లాడు. బిడ్డ పెండ్లి ముంగట ఎవ్వరినీ ఇంట్లకెల్లి ఎల్లగొట్టద్దు" అన్నాడు.

వసుమతి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, చివరికి తీర్పు చెప్పింది: పెళ్లయ్యేదాకా మేడ మీదే ఉండొచ్చు, కిందికి రావద్దు, పెళ్లయ్యాక గది ఖాళీ చెయ్యాలి.

"అలాగేనమ్మగారూ" అంది అహల్య. బతిమాలలేదు. ఆ రాత్రి నుంచి మేడ మీద కూర్చుని శశికళ పెళ్లి జాకెట్లన్నీ ఆమే కుట్టింది. కొలతలకు శశికళే పైకి వచ్చేది. పెళ్లినాడు వసుమతి విస్తళ్లు పైకి పంపింది, అన్నింటికన్నా ముందుగా పంపింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

పోశవ్వ ఉండే స్టేషన్ వెనక సందులో ఒక గది దొరికింది. అహల్యకు ఒకే బెంగ: సన్యాసిరావు చేతిలో పాత చిరునామా ఉంది. మళ్లీ ఉత్తరం రాసింది గాని, అది అందిందో లేదో జవాబు లేదు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా," అంది పోశవ్వ. "నీ మొగుడు ఎన్నడొచ్చినా నాంపల్లిలనే దిగాలె కదా. నేను మెట్ల మీదనే కూసుంట. ఎట్లుంటడో చెప్పు."

"పొడుగ్గా ఉంటాడు. అందరినీ దారి అడుగుతాడు గాని, చెప్పింది వినడు."

కొత్త గదిలో మొదటి రోజు అహల్య బేగంబజార్ నుంచి తెల్లగుడ్డ తెస్తానంది. పైడమ్మ వద్దంది. "బొట్టు నాది కాదు, గాజులు నీవి. చీర మాత్రం నాదే. నన్ను దాటించింది. ఇంకోటి తెస్తే రంగుదే తే, ఈ సందులో బొగ్గు పొగకు తెల్లది ఉతకలేక చస్తావు."

మరుసటి ఏడు ఎండాకాలంలో, జామపండ్ల గంప పక్కన ఒక పొడుగాటి మనిషి ఆగి దారి అడిగాడు. పోశవ్వ చెప్పింది. అతను వినకుండా ఎదురు దిక్కుకు నడిచాడు. పోశవ్వ గంప అక్కడే వదిలేసి, "ఓ బర్మా పిలగా!" అని అరుచుకుంటూ వెంటపడి, రెక్క పట్టుకుని సందులోకి తీసుకొచ్చింది. పైడమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. కొడుకు తల్లి చీర రంగు చూసి ఆగిపోయాడు.

"ఏటలా చూస్తావు?" అంది పైడమ్మ. "నీ పెళ్లాం కట్టించింది. లోపలికి రా."

వసుమతి తర్వాత ఒకసారి అహల్య పనిచేసే దుకాణానికి వచ్చి శశికళ సీమంతానికి జాకెట్టు గుడ్డ ఇచ్చింది. కుట్టుకూలి దగ్గర గట్టిగా బేరమాడింది. పాత మాట ఎత్తలేదు. పోతూ పోతూ, పెద్దమ్మ బాగున్నదా అని అడిగింది.

ఇప్పుడు అహల్యకు అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, సొంత కుట్టుదుకాణం ఉంది. సన్యాసిరావు కొలతలు రాస్తాడు, ఇద్దరు ఆడవాళ్లు పని నేర్చుకుంటున్నారు. ఆదివారం సెలవు.